డై వేయని ఆకు

"చేలకు పురుగు పట్టింది. ఇవాళ మందు చల్లకపోతే సగం పంట పోతుంది. చల్లితే మొత్తం పోవచ్చు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా ఒక డ్రమ్ములో స్కావెంజర్ కలిపింది. ఆకులో పుట్టే నైట్రిక్ ఆక్సైడ్‌ను అది మింగేస్తుంది. ఆ గ్యాస్ లేకపోతే ఎండలో ఆకు రంధ్రాలు మూసుకోవు. ఉన్న నీరంతా ఆవిరై మొక్క నిలువునా మాడుతుంది. ఏ డ్రమ్మో కనిపెట్టు."

"ఎస్ సార్," అన్నాడు గద్ద. డిపార్ట్‌మెంటులో అతనికి వేరే పేరు లేదు.

క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో, తెల్లకోటు తగిలించుకుని, మందు చల్లే విమానాల గోడౌన్‌లో దిగాడు. ముఠాలో మనవాళ్లు నాటిన ఏజెంటు నెమలి అప్పటికే అక్కడుంది. ముఠా నాయకుడి కారులో పక్క సీటు ఎప్పుడూ ఈ అందగత్తెదే. గద్దను దాటిపోతూ కోడ్ వదిలింది.

"నీలం గొడుగు తెరవకండి."

నీలం డ్రమ్ము! కానీ గద్దకు నమ్మకం కుదరలేదు. అంత సెంటు పూసుకున్న మనిషి నిజం చెబుతుందా? ఇదీ ఆయనగారి తర్కం.

నీలం డ్రమ్ములోని మందులో ఆకు ముక్క నానబెట్టాడు. నైట్రిక్ ఆక్సైడ్ తగిలితే పచ్చగా వెలిగే డై వేశాడు. బ్రీఫ్‌కేసులోంచి బుల్లి మైక్రోస్కోప్ తీసి చూశాడు. ఆకు పచ్చగా మెరుస్తోంది. గ్యాస్ ఉంది, స్కావెంజర్ లేదు. నెమలి అబద్ధమాడింది!

హమాలీలందరి ముందు ఆమెకు బేడీలు వేశాడు.

"డబుల్ ఏజెంటువని విన్నా. ఎవరికి డబులో ఇప్పుడు తెలిసింది. ఏయ్, ఆ నీలం డ్రమ్ము విమానంలోకి ఎక్కించండి!"

మేస్త్రీ ఆమె కాళ్ల దగ్గర తుపుక్కున ఉమ్మి డ్రమ్ము దొర్లించుకుపోయాడు.

"డై వేయని ఆకు చూశావా?" అంది నెమలి.

"ఎందుకు?"

"చూశావా, లేదా?"

చూడలేదు. ఇప్పుడు చూశాడు. డై తగలని ముక్క కూడా అంతే పచ్చగా మెరుస్తోంది.

"అది ఆకు సొంత వెలుగు, మహానుభావా! ఆటోఫ్లోరెసెన్స్. నీ డైకి అక్కడ ఏమీ దొరకలేదు. పోల్చి చూసే కంట్రోల్ ముక్క పెట్టకుండానే తీర్పు చెప్పేశావ్."

గద్ద చెవులు కాలిపోయాయి. సిగ్గుపడటానికైనా తీరిక ఉండాలి. బయట ఇంజన్ మోగింది. పరుగెత్తాడు. "ఆపు!" అని రేడియోలో అరిచాడు. పైలట్ చెయ్యి ఊపి నవ్వాడు. వాడూ ముఠా మనిషే. చక్రాలు నేల వదలబోతుండగా గద్ద జేబులోంచి తీసిన పెన్ను పిస్తోలు పేలింది. టైరు బద్దలై విమానం గడ్డిలో ముక్కు గుచ్చుకుని నిలిచింది. ఒక్క చుక్క చల్లలేదు.

"శభాష్!" రేడియోలో చీఫ్. "ఎలా పట్టావయ్యా?"

హమాలీలు చుట్టూ మూగారు. నోరు మూసుకుంటే మెడల్ ఖాయం.

"నేను పట్టలేదు సార్," అన్నాడు, అందరికీ వినపడేలా. "నెమలి పట్టింది. నేను ఆమెకు బేడీలు వేశాను."

మేస్త్రీ తల దించుకున్నాడు. గద్ద తాళంచెవి తిప్పబోయాడు. కంగారులో దాన్ని తలకిందులుగా దూర్చాడు. నెమలే లాక్కుని విప్పుకుంది.

"ఈసారి నన్ను పట్టుకుంటే, పాపం తెలియని ఇంకో మనిషిని కూడా పక్కన పట్టుకో," అంది మణికట్టు రుద్దుకుంటూ. "పోల్చి చూసుకోవాలిగా!"