తోడల్లుడి కారు తలుపు

తాళాలు బాగుచేసే అతన్ని ఆ వీధిలో అందరూ తాళాల బావ అనే పిలుస్తారు. నిజంగా వరసకి బావ అయ్యేది ఒక్క మరదలికే, అంటే భార్య చెల్లెలికి. ఆమె భర్త పోయి ఇంకా ఎంతోకాలం కాలేదు. రాత్రి తాళం వేసిన ఆయన కారు తలుపు పొద్దునకల్లా తీసి ఉంటోందట. డ్రైవరు సీటు ఆయన కాళ్ళ పొడుగుకి సరిపోయేలా వెనక్కి జరిగి ఉంటోందట. తలుపు లాక్ సిలిండర్, అంటే తాళంచెవి దూర్చే గొట్టం, మార్చిపెట్టమని ఆమె బతిమాలింది. పైకి పోయినవాడికి పెట్రోలు దేనికమ్మా అని బావ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నమే అయినా భవనం కింది పార్కింగులో మసక చీకటిగా ఉంది. తడి సిమెంటు వాసన. ఎక్కడో పైపులోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. రెండు తలుపుల చిన్న కారు, అవతలి తలుపు గోడకి ఆనుకునే ఉంది. బావ ఇవతల డ్రైవరు వైపు తలుపు లోపలి ప్యాడ్ ఊడదీసి, అడ్డొచ్చిన హ్యాండిల్ కడ్డీని తప్పించి, పాత సిలిండర్ లాగి కొత్తది బిగించాడు. తలుపు తెరిచి ఉంచే తాళం తిప్పి చూడాలి. ఆ పనిలో అది ఓనమాలు. కానీ మరదలి ముందు గొప్పలు పోవాలిగా.

"నువ్వు లోపల డ్రైవరు సీట్లో కూర్చో. ఇక నేను తీస్తే తప్ప ఎవడూ తియ్యలేడు" అని తలుపు వేసేశాడు.

కొత్త తాళంచెవి బొంగరంలా ఊరికే తిరిగింది. సిలిండర్ వెనక కడ్డీకి క్లిప్పు పెట్టడం మరిచిపోయాడు. ఆ కడ్డీ జారి లోపల అడ్డం పడింది. తలుపు బయటినుంచీ లోపలినుంచీ తెరుచుకోకుండా బిగుసుకుపోయింది.

"బావా... సీటు జరుగుతోంది."

టక్... టక్... ఆమెతో సహా సీటు వెనక్కి పోతోంది. అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది. ఆమె నోటి దగ్గర కాదు... ఆమె తల వెనక.

"బావా, వెళ్ళకు..."

వెళ్ళిపోయాడు. చేతిలో సుత్తి ఉంది. అద్దం పగలగొట్టొచ్చని తట్టనైనా లేదు. కాళ్ళకి బుద్ధి చెప్పాడు. ఎండలోకి వచ్చి పడ్డాక గానీ తను చేసిన పని తెలిసిరాలేదు. నమ్మి పిలిచిన ఆడపిల్లని లోపల పెట్టి తాళం వేసి వచ్చాడు. భయం తగ్గి కాదు గానీ, ఆ సిగ్గు భరించలేక మళ్ళీ కిందికి దిగాడు.

కారు తలుపు బార్లా తెరిచి ఉంది. మరదలు స్తంభానికి చేరగిలబడి నేల మీద కూర్చుని ఉంది.

"నువ్వు పారిపోయావు. ఆయనే తీశారు" అంది. కారు వైపు చూస్తూ, "పాతదే పెట్టెయ్యి బావా" అంది.

అతను తల వంచుకునే పాత సిలిండర్ బిగించి, క్లిప్పు పెట్టడానికి తలుపు లోపలికి చెయ్యి దూర్చాడు. ఆ కడ్డీ ఎప్పుడూ జారుతూనే ఉంటుంది, ఇంకొకరు పట్టుకుంటే గానీ క్లిప్పు పడదు.

ఇప్పుడు జారలేదు.

ఎవరో పట్టుకుని ఉన్నారు... చల్లటి వేళ్ళు... అతని వేళ్ళ పక్కనే.

పరుగెత్తాలనిపించింది. మరదలు చూస్తోంది. పళ్ళ బిగువున నిలబడ్డాడు. క్లిప్పు పడింది.

ఆ వేళ్ళు కడ్డీని వదిలేసి, మెల్లగా అతని మణికట్టు పట్టుకున్నాయి.