నిటారు గారి దగ్గు

ఓనరుగారి కుర్చీ మాయమైంది!

దుప్పట్లు, కర్టెన్లు అమ్మే మూడంతస్తుల దుకాణం అది. చక్రాలతో, వీపుకి మెత్తతో, గల్లాపెట్టె వెనక సింహాసనంలా వెలిగిపోయే కుర్చీ పొద్దున్న షట్టరెత్తేసరికి లేదు. వెనక గోడమీద ఓనరుగారు సొంతంగా రాసి ఫ్రేము కట్టించుకున్న సూక్తి మాత్రం చెక్కుచెదరలేదు: "ముందు నిలబడేవాడే నాయకుడు."

అనుమానం నేరుగా రెండో అంతస్తుకెక్కి, కర్టెన్లు కత్తిరించే అమ్మాయి ముందు ఆగింది. గుడ్డకన్నా మాటలు బాగా కత్తిరిస్తుందని ఆమెకి కత్తెర అని పేరు. కిందటి రోజు దుప్పట్ల సెక్షన్లో పనిచేసే, అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ కళ్ళు తిరిగి పడిపోతే, కత్తెర ఓనరు దగ్గరకెళ్ళి, "పొద్దస్తమానం నిలబడలేకపోతున్నాం సార్. తలో స్టూలు ఇప్పించండి" అంది.

"నిలబడితే ఒంటికి మంచిదమ్మా. రక్తం బాగా తిరుగుతుంది," అన్నారాయన, కుర్చీలో గిర్రున తిరుగుతూ.

ఇప్పుడు ఆ తిరిగే భాగ్యం పోయింది. "నా కుర్చీ మీద కన్నేసింది నువ్వొక్కదానివే. దుకాణం కట్టేసేలోగా అది రాకపోతే రేపట్నించి నువ్వు రానక్కర్లేదు!"

కత్తెర జీతంతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అయినా నోరు ఊరుకోదు కదా. "నేనే తీసుంటే కూర్చునేదాన్ని సార్. ఈ వాచిన కాళ్ళు చూడండి, కూర్చున్న కాళ్ళలా ఉన్నాయా?"

కుర్చీ వెతికే బాధ్యత ఫ్లోర్ మేనేజరుకి అప్పగించారు. అతన్ని అందరూ నిటారు అంటారు. అంతస్తులన్నీ తిరుగుతూ "నిటారుగా! నిటారుగా!" అని అరవడం, కూర్చున్నవాళ్ళని పట్టించి సగం రోజు జీతం కోయించడం అతని ఉద్యోగం. పాపం, ఇంతవరకూ ఒక్కర్నీ పట్టింది లేదు. మెట్లెక్కేముందు ఖళ్ళుఖళ్ళుమని దగ్గేవాడు. అది వినగానే దుప్పట్ల బేళ్ళ మీద చతికిలబడ్డవాళ్ళంతా లేచి నిలబడేవాళ్ళు.

"పిల్లి మెడలో గంట కట్టడానికి ఎలుకలు మీటింగు పెట్టుకోనక్కర్లేదు. ఈ పిల్లి గంటతోనే పుట్టింది," అనేది కత్తెర. ఒకసారి దగ్గుమందు సీసా కొని తెచ్చి, "రోజుకి మూడు చెంచాలు తాగండి. మీ దగ్గుకి పైకప్పు ఊడేట్టుంది," అని అందరి ముందూ చేతిలో పెట్టింది కూడా. నిటారు చెవులు ఎర్రబడ్డాయి. "థాంక్సండీ," అన్నాడు.

ఇవాళ మెట్లమీద అతన్ని నిలదీసింది. "నామీద చాడీలు చెప్పి నా కడుపు కొట్టారు. చల్లగా ఉందా?"

"నేనా? చాడీలా? అయ్యో, లేదండీ..."

"మందు తాగుతున్నారా? తగ్గినట్టు లేదే!"

"అది తగ్గే దగ్గు కాదులెండి," అని గబగబా దిగిపోయాడు.

అవతల ఓనరుగారి అవస్థ చూడాలి! కొత్త కుర్చీ కొంటే, పాతది దొరికాక డబ్బు దండగ. పోనీ అని కస్టమర్ల స్టూలు మీద కూలబడ్డారు. ఒక పెద్దావిడ గోడమీది బోర్డు చూపించి, "సిబ్బంది కూర్చోకూడదని రాసుందిగా బాబూ. లే, నాకు మోకాళ్ళ నొప్పి," అంది. ఆ బోర్డు రాయించింది తనే అని చెప్పుకోలేక లేచారాయన. సాయంత్రానికి సూక్తి కింద, నాయకుడిలా కాదు, ఆరేసిన దుప్పటిలా వేలాడుతున్నారు.

"రక్తం బాగా తిరుగుతోందా సార్?" అంది కత్తెర.

"నీ లెక్క తేల్చుకుని వెళ్ళిపో! రేపట్నించి రాకు!"

మెట్ల దగ్గర ఖళ్ళుమని దగ్గు. నిలబడే ఉన్న అమ్మాయిలు అలవాటుకొద్దీ మరింత నిటారుగా నిలబడ్డారు.

"ఆమెని పంపకండి సార్. కుర్చీ తీసింది నేను," అన్నాడు నిటారు.

"నువ్వా! నమ్మి తాళాలిస్తే!"

"ఆ ఆరోగ్యమేదో ఒక్కరోజు మీక్కూడా అందాలనీ... మీ కుర్చీ పైన కర్టెన్ల వెనక భద్రంగా ఉంది. వీళ్ళకి స్టూళ్ళిస్తానని మాటివ్వండి, ఇప్పుడే దింపుతాను. తర్వాత నన్ను తీసేసినా సరే."

"నిన్ను తీసేస్తే మేమందరం నీ వెనకే నాయనా," అంది పిన్ని. అందరూ తలలూపారు.

ఓనరుగారు నడుం పట్టుకుని కాళ్ళబేరానికొచ్చారు. "ఇస్తా! అందరికీ ఇస్తా! ఎవర్నీ తియ్యను! ముందు అది దింపరా బాబూ!"

నిటారు కదల్లేదు. కత్తెర వైపు తిరిగాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"నేను చేసిన నేరం ఇంకొకటుందండీ. మీరిచ్చిన మందు సీసా మూత కూడా తియ్యలేదు. అద్దం పక్కన పెట్టుకుని, రోజూ దాని మొహం చూశాకే నా మొహం చూసుకుంటున్నా. మెట్లకింద దగ్గేది మీరు లేవడానికి కాస్త టైముండాలని. పుట్టి బుద్ధెరిగాక నాకు దగ్గన్నదే రాలేదండీ."