ఎనిమిది బొమ్మల నడక

ఆ ఉదయమూ రఘుపతి అన్నం డబ్బా మరిచే వెళ్లాడు. కుట్టు దుకాణానికి పోతూ పోతూ అతని అక్క అరుణమ్మే దాన్ని పట్టుకొని, నల్లగొండ గడియార స్తంభం దగ్గర మేడమీదున్న ఆజం కంప్యూటరు కేంద్రానికి మెట్లెక్కింది.

తమ్ముడి పని ఏమిటో ఆమెకు వినికిడిగా తెలుసు. ఎవరో విదేశీయులు చేసిన తుపాకుల ఆటను తీసుకొని, అందులోని కోటను చెరిపి, నార్కట్‌పల్లి చౌరస్తాను, లారీలను, చాయ్ హోటళ్లను గీసి, దాన్ని తమ ఆటగా మార్చుతున్నారు అతడూ, ఆ కేంద్రం నడిపే ఆజమూ. అమ్ముకోవడానికి కాదు, ఆ ఆట మీది పిచ్చి ప్రేమతో. తొంభై ఐదులో మొదలుపెట్టారు. ఆటలో మూడో అంచె, అంటే మూడో లెవెల్, పూర్తవుతుండగా యంత్రం చెడి మొత్తం పోయింది, మళ్లీ గీశారు. ఇప్పుడు తొంభై ఎనిమిది. ఐదు అంచెల్లో నాలుగు సిద్ధమయ్యాయి. సోమవారం హైదరాబాదు నుంచి ఒక కంపెనీ పెద్దమనిషి చూడటానికి వస్తున్నాడు. నచ్చితే రఘుపతికి ఉద్యోగం.

లోపల కుర్రాళ్లు తెర చుట్టూ మూగి ఉన్నారు. తెరమీద ఒక దయ్యం వస్తోంది. వీపు కొడవలిలా వంగి, మెడ తిరగక, మోకాలి మీద చెయ్యి ఊని, అడుగు ఈడ్చి, అడుగు ఈడ్చి.

"వంగుడు దయ్యం వచ్చెరా! నడుం మీద కొట్టు!"

తుపాకి మోగింది. అది ఎర్రటి ముద్దయి కూలింది. నవ్వులే నవ్వులు.

అరుణమ్మ అన్నం డబ్బాను గడప దగ్గరే దించి వెనుదిరిగింది. ఊరి బోరింగు నీళ్లు ముప్పై ఏళ్లు తాగి, ఫ్లోరైడుకు ఎముకలు కట్టెలైన నడక అది. తమ తల్లి యాదమ్మ నడక.

సాయంత్రం, కిరాయి ఇంటి వసారాలో తమ్ముణ్ణి నిలదీసింది. యాదమ్మ గోడకానుకొని బియ్యం ఏరుతోంది.

"థూ! నీ మొకం మీద మన్ను వొయ్య. కన్నతల్లిని దయ్యం జేసి పోరగాళ్లతోని కాల్పిస్తవారా?"

"జర మెల్లగ అక్కా. గది అమ్మ కాదు, నడకొక్కటే తీసుకున్న. బొమ్మ నడవాలంటె ఎనిమిది తీర్ల గీయాలె. రోజూ పొద్దుగాల్ల అమ్మ నీళ్లు తెస్తాంటె, కండ్ల ముందట..."

"కండ్ల ముందట! లేచి బిందె అందుకునుడు పోయి, కూసోని బొమ్మ గీసినవా?"

రఘుపతి తల వంచుకున్నాడు. "గా దయ్యం తీస్తె ఆటల ఏం మిగుల్తది? మూడేండ్ల పని అక్కా. సోమారం ఆయన వస్తాండు."

"గా కొలువు కూడు నా గొంతుల దిగదు."

యాదమ్మ చాట పక్కన పెట్టింది. "ఏంది లొల్లి? నా నడక గీసినవా బిడ్డా? ఏదీ, సూపెట్టు."

రఘుపతి నోటుబుక్కు తెరిచాడు. ఆమె మెడ తిప్పలేక, మొత్తం మనిషే అటు తిరిగి, ఎనిమిది బొమ్మలనూ ఒక్కొక్కటే చూసింది. తల్లి ఏడుస్తుందని అరుణమ్మ అనుకుంది.

"మంచిగనే గీసినవ్. గని చెయ్యి ఎడమ మోకాలి మీద పెట్టినవేంది? నేను పట్టుకునేది కుడిది. నొప్పి గా మోకాల్ల గదా."

రఘుపతి బొమ్మలను చూశాడు, తల్లిని చూశాడు. నెలల తరబడి కొలిచి కొలిచి గీసినవాడు.

"సూడలే అమ్మా," అన్నాడు. నోటుబుక్కు మూశాడు. "ఆజంకు చెప్త. కంపెనీ ఆయనను రావద్దనుమంట."

అరుణమ్మ ఇంకో మాట ఉమ్మబోయి ఆగింది. ఏ మోకాలో తనకు తెలుసా? ఎంత వెతికినా తల్లి చెయ్యి ఎటువైపు ఉండేదో గుర్తుకు రాలేదు. పొద్దుటి నుంచి తమ్ముడి మీద పెంచుకున్న రోత వెనక్కి తిరిగి తన మీదికే వచ్చింది.

సోమవారం ఎవరూ రాలేదు. దయ్యాన్ని చెరిపేసిన నాలుగు అంచెలు ఆజం ఫ్లాపీల్లో ఉండిపోయాయి. ఐదోది ఎవరూ గీయలేదు.

నోటుబుక్కు మూసిన ఆ సాయంత్రం మాత్రం అరుణమ్మ తల్లి ముందు కూర్చొని, కళ్లు తుడుచుకొని అడిగింది: "ఇంకా ఏడేడ నొస్తదమ్మా?"

యాదమ్మ పిల్లలిద్దరి ముఖాలూ చూసి తడబడింది.

"ఆగుండ్రి, జర సోంచాయించనీ," అంది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు.