వాపు లేని ముఖం

"సాయంత్రంలోగా మా ఆయన్ని పట్టుకుపోతారండీ," అంటూ ఆ అమ్మాయి గుమ్మంలోనే కూలబడింది. ఆమె చేతుల మీద ఎండిన నెత్తురు తండ్రిది.

తండ్రి తేనెటీగలు పెంచేవాడు. పొద్దున తోటలో పుర్రె పగిలి పడి ఉన్నాడు. పక్కన పెట్టె మూతలు లేపే ఇనుప పలక, ఒంటి మీద బోర్లించిన ఈగల పెట్టె. అల్లుడి ముఖం గుమ్మడికాయలా వాచింది. పోలీసులకి వాపు కనిపిస్తే చాలు, వెతుకులాట అక్కడితో సరి. మామ మీది పెట్టె లాగబోయి కుట్టించుకున్నానని అతను ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఊరంతా భూతద్దం అని పిలిచే పరిశోధకుడు సహాయకురాలితో బయల్దేరాడు.

"నాన్నకి ఎన్ని కుట్టినా వాచేదే కాదు," అందా అమ్మాయి దారిలో. "ఈయనకి ఈ పని కొత్త కదండీ."

తోట దగ్గర చనిపోయినాయన తమ్ముడు ఎదురొచ్చి, "ఏడవకమ్మా," అంటూ ఆమె తల నిమిరాడు. అన్నతో కలిసి చిన్నప్పట్నుంచీ ఈగల్ని సాకినవాడే.

"మీకూ మీ అన్నకీ పడదటగా?" అన్నాడు భూతద్దం.

"తోటకి పురుగుమందు కొట్టిద్దామన్నాను. ఈగలు చస్తే పూత రాలిపోతుంది, కాయ నిలవదని ఆయన వాదన. ఆ మాత్రానికి చంపుకుంటామా?"

"పొద్దున ఎక్కడున్నారు?"

"బజార్లో. వారం నుంచీ పెట్టెల ఛాయలకే పోలేదు. నిన్న సాయంత్రం మా అమ్మాయి కొనిచ్చిన గడియారం ఇదిగో, టైము చూసుకునే చెబుతున్నా. అయినా నా ముఖం మీద ఒక్క వాపుందా?"

నల్లటి తోలు పట్టీ ఎండకి మెరిసింది.

"ఈయన కాదేమో సార్," గొణిగింది సహాయకురాలు.

భూతద్దం ఇన్‌స్పెక్టరుతో సహా అందర్నీ వసారాలోకి పిలిచాడు.

"ఏళ్ల తరబడి కుట్టించుకున్న ఒంటికి విషం అలవాటైపోతుంది. వాపు లేనంత మాత్రాన ఈగలు కుట్టలేదని కాదు. వాటికి నల్లటి తోలంటే మహా కోపం. కుట్టిన చోట ముల్లు విరిగి ఉండిపోతుంది. ఆ గడియారం ఒకసారి ఇస్తారా?"

తమ్ముడు పోలీసులు బల్ల మీద పెట్టిన ఇనుప పలక అందుకుని భూతద్దం తల మీదికి విసురుగా దించాడు. కళ్లు సరిగా కనిపించని అల్లుడు అడ్డంపడ్డాడు. పలక అతని భుజంలోకి దిగి నెత్తురు గోడ మీద చిమ్మింది. ఇన్‌స్పెక్టరు తమ్ముడి చెయ్యి విరిచి నేలకి అదిమాడు.

అద్దం కింద పట్టీలో మూడు ముళ్లు, విషపు తిత్తులతో సహా.

"అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి," అన్నాడు భూతద్దం. "నిన్న కొన్న పట్టీ ఇది."

"ఒక్క దెబ్బతో ఆపుదామనుకున్నా," అన్నాడు తమ్ముడు నేల మీంచే. "ఆగలేకపోయా. ఆయనకి నాకంటే ఈగలే ఎక్కువయ్యాయి."

భర్త భుజానికి గుడ్డ అదిమిపట్టిన ఆ అమ్మాయి తలెత్తింది.

"కుట్టిన ఈగ బతకదని చిన్నప్పుడు నువ్వే చెప్పావు బాబాయ్. ఆ మూడూ నాన్న దగ్గరే చచ్చాయి. నువ్వు ఆ చెయ్యి కడుక్కొచ్చి నా తల నిమిరావు."