నమ్మకమాని

ఆ ఉదయం ఆకాశం తెల్లవారడం మరిచినట్టుంది. అంగారకుడి మీద పొద్దుపొడిచే వేళ సూర్యుడి చుట్టూ చల్లని నీలం పరుచుకుంటుంది. ఆ రోజు నీలం లేదు. తూర్పు అంచున లేచిన తుప్పురంగు ధూళి సూర్యుణ్ణి మసిపట్టిన దీపంలా చేసేసింది. ఎర్రమెట్ట ఊరి గాజుకప్పు కింద నడుస్తూ తవిటినాయుడు ఒకసారి తలెత్తి చూశాడు. అంగలు పెంచాడు.

బ్యాంకులో అతను అడుగుపెట్టేసరికి, అతను కట్టిన యంత్రం చెబుతోంది: “పంతొమ్మిది.”

“నిన్నటికి నాలుగే కదా నాయుడూ!” బ్యాంకు గవర్నరు పోలమ్మ కుర్చీలోంచి లేచిపోయింది.

ఎర్రమెట్ట ఒకే ఊరున్న బీద దేశం. మొదట్లో ఎన్ని రూకలు అచ్చువెయ్యాలో లెక్కగట్టి ధరల్ని అదుపు చేద్దామనుకున్నారు. జనం రూకల్ని పక్కనపెట్టి గింజలతో బేరాలు చేసుకున్నారు. తరవాత పక్కనున్న ధనిక దేశపు నాణేనికి తమ రూక విలువను కట్టేశారు. వాళ్లు తూలినప్పుడల్లా వీళ్లు బోర్లాపడ్డారు. చివరికి బోధపడింది: ధర ముందు మనిషి మనసులో పెరుగుతుంది, ఆ తరవాతే అంగట్లో. ఆ మనసుని కొలవడానికే నమ్మకమాని అనే ఈ యంత్రం. ప్రతి అంగడి త్రాసులోనూ దాని సెన్సరు ఉంటుంది. అవసరానికి మించి ఎవరెంత కొంటున్నారు, ధర అడిగేటప్పుడు గొంతు ఎంత బిగుస్తోంది, ఇవన్నీ కూడి, వచ్చే ఏడాదికి ధరలు నూటికి ఎంత పెరుగుతాయని జనం భయపడుతున్నారో చెబుతుంది. భయం పెరిగితే, అప్పుచేసి కొనడం తగ్గాలని, అప్పుల మీద వడ్డీ కూడా అదే పెంచేస్తుంది.

“పదింటికి వడ్డీ రెట్టింపవుతుంది. ఆపాలంటే గవర్నరు ముద్ర కావాలి,” అంది యంత్రం.

ఆ పదింటికే సొరంగపు పొలాల రైతులు విత్తనాల అప్పుకు వస్తారు. వడ్డీ రెట్టింపైతే సగంమంది వట్టి చేతులతో మళ్లిపోతారు. ఇప్పుడు దుంప నాటకపోతే వచ్చే పంటకారుకు ఆకలి నిజమైపోతుంది. వడ్డీ పెంపు ఆపితేనో, భయం రూక విలువను నమిలేస్తుంది.

“ముద్ర ఎయ్యమంటావా, మానమంటావా? నోరిప్పవయ్యా!” అంది పోలమ్మ.

తవిటినాయుడు యంత్రం వైపు తిరిగాడు. “ఈ భయం ఎక్కడ మొదలైంది?”

“ధూళి లేవక ముందే. బ్యాంకు ఉద్యోగుల వీధిలో.”

“ఏ ఇంట్లో?”

“మీ ఇంట్లో.”

ధూళితుపాను వస్తుందన్న సంగతి బ్యాంకుకు ముందే తెలుసు. బయటికి పొక్కనివ్వొద్దని పోలమ్మే ఆజ్ఞ వేసింది. ఆమె చూపుకు తవిటినాయుడి ముఖం కందిపోయింది. “ఇంట్లో ఒక్క ముక్క అనలేదమ్మా.”

ఇద్దరూ అతని ఇంటికి నడిచారు. అతని భార్య అసిరమ్మ తలుపు తీసి, గవర్నరును చూసి చెంగు సర్దుకుంది. ఆమె వెనక రాగిపిండి నింపిన చోడి మూటలు నడుమెత్తున ఉన్నాయి.

“ఎవులు సెప్పేరే నీకు?” అన్నాడు తవిటినాయుడు.

“ఎవులు సెప్పాలేటి? మంచి మాటయితే గుమ్మంలోనే సెప్తావు. సెడ్డమాట ఇంట్లో అనకూడదంటావు, మీ అమ్మా అంతే. మొన్నొచ్చి గోడకేసి తిరిగి కూకున్నావు, కంచం ముందునుంచి లేచిపోనావు. కొంపేదో మునుగుతాదని కొన్నాను. నన్ను సూసి పక్కోలు కొన్నారు. బేంకోలే కొంతన్నారని ఊరు కొంది.”

అశుభం పలకకూడదన్నది వీళ్ల తాతలు భూమి మీంచి కట్టుకొచ్చిన ఆచారం. తవిటినాయుడు తల వంచుకున్నాడు. పోలమ్మ మూటల మీద చెయ్యి వేసింది.

“నీ మొగుడు ఇంటికి చేసిందే నేను దేశానికి చేశానే అసిరమ్మా.”

మణికట్టు పలక మీద వేలు నొక్కి వడ్డీ పెంపు ఆపే ముద్ర వేసింది. ఆ తరవాత అన్ని అంగళ్ల మైకుల్లోనూ మొదటిసారి దాపరికం లేకుండా మాట్లాడింది. తుపాను నెలపైన ఉంటుంది, గిడ్డంగిలో తిండి అంతకంటే ఎక్కువ రోజులకే ఉంది, వడ్డీ పెంచడం లేదు అని.

పలకలోంచి యంత్రం పలికింది: “ఇరవై రెండు.”

నిజం చెబితే భయం ఇంకా పెరిగింది.

అసిరమ్మ నవ్వాపుకోలేకపోయింది. “నా ఇంట్లో మూటలుండగా మీ కబుర్లు ఎవులు నమ్ముతారమ్మా? అదిగో, వీధంతా ఈ గుమ్మంకేసే సూస్తన్నాది.”

పోలమ్మ బయటికి చూసింది. కిటికీ కిటికీకీ ఒక ముఖం.

“మూటలిప్పు. ఉన్నవాటిల్లో పెద్ద డేగిసా తియ్యి.”

“ఎన్ని మూటలమ్మా?”

“అన్నీ. వీధి నడిమధ్యన వండుదాం.”

తవిటినాయుడు మొదటి మూట భుజానికెత్తాడు. అసిరమ్మ ఒక్క క్షణం ఆ మూట చెవి వదల్లేదు. తరవాత వదిలేసింది.

పదయ్యేసరికి పొయ్యి రాజుకుంది. సంకటి ఉడికేవేళకు, విత్తనాల అప్పు తీసుకుని వెళ్తున్న రైతులు ఆగారు. వీధి జనం ఒక్కొక్కరే వచ్చి బంతిలో కూర్చున్నారు. వేడి సంకటి ముద్దలు కంచాల్లో పడ్డాయి. ఎవరూ ముందు చెయ్యి పెట్టలేదు. అందరి కళ్లూ గవర్నరు కంచం మీదే.

పోలమ్మ తిన్నది. కంచం ఖాళీ చేసి, మళ్లీ చాచింది. అసిరమ్మ వడ్డించింది. తవిటినాయుడూ చాచాడు.

అప్పుడు పక్కింటాయన లేచి లోపలికెళ్లాడు. తను కొని దాచుకున్న మూటొకటి ఈడ్చుకొచ్చి పొయ్యి పక్కన పడేసి, వచ్చి తన చోట కూర్చున్నాడు. అతని వంక ఎవరూ చూడలేదు. కప్పు మీద ధూళి గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అందరూ తలలు వంచుకుని తింటున్నారు.