కిటికీ లేని క్యాబిన్

మంగళవారం ఉదయం తొమ్మిదీ పది.

యూరప్‌కి సముద్రం ఇవతల, గూలెత్ రేవుకి ఎదుటి వీధిలో నెజీహా తన ట్రావెల్ ఏజెన్సీ షట్టర్ ఎత్తింది. టేబుల్ సొరుగు తాళం తీసింది. ఉండాల్సిన పాస్‌పోర్టులు మూడు. ఉన్నవి రెండు.

పోలీసులకి ఫోన్ చేసింది నెజీహా కాదు. ఆమె విషయం చెప్పగానే, ఆ పాస్‌పోర్టుల తాలూకు మనిషి లస్సాద్ నేరుగా స్టేషన్‌కి ఫోన్ కొట్టాడు. రేవులో సరుకులు విడిపించే క్లియరింగ్ ఏజెంట్ అతను. అతని మాటకి రేవులో విలువుంది. అందుకే తొమ్మిదీ నలభైకల్లా ఇన్‌స్పెక్టర్ వహీదా జ్లాస్సీ ఏజెన్సీలో ఉంది.

"పోయింది ఎవరిది?"

"లస్సాద్ గారి మేనత్త లల్లా దూజాది మేడమ్. మిగిలిన రెండూ ఆయనదీ, ఆయన భార్య రౌదాదీ." నెజీహా గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. "గురువారం పొద్దున ఏడున్నరకి జెనోవా ఫ్లైట్. అక్కడ ఓడెక్కాలి. ఎనిమిది రోజుల క్రూజ్."

"తాళం పగిలిందా?"

"లేదు. వేసినట్టే ఉంది."

"తాళంచెవులు?"

"ఒకటి నా దగ్గర. రెండోది ఆ మేకుకి. వచ్చిపోయే వాళ్ళందరికీ తెలుసు."

"బాగుంది. పిల్లికి పాలగిన్నె చూపించి మూత వేశారన్నమాట. నిన్న ఎవరొచ్చారు?"

"నాలుగింటికి లల్లా దూజా. ఐదూ నలభైకి భార్యాభర్తలిద్దరూ. ప్రింటర్ కోసం నేను రెండుసార్లూ వెనక గదిలోకి వెళ్ళాను."

వహీదా మిగిలిన రెండు పాస్‌పోర్టులూ చేతిలోకి తీసుకుంది. వాటికి రబ్బర్ బ్యాండ్ వేసి ఉంది, రెండు చుట్లు, నీటుగా. కట్ట విప్పి, ఒకటి తీసుకుని, మిగతా వాటికి మళ్ళీ బ్యాండ్ చుట్టిపెట్టిన దొంగని తన ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆమె చూడలేదు.

"మేడమ్..." నెజీహా సొరుగు మూసింది. "అది గురువారంలోపు దొరకదు కదా?"

వహీదా తలెత్తి చూసింది. పాస్‌పోర్ట్ పోగొట్టుకున్న ఏజెంటు అడగాల్సిన ప్రశ్న అది కాదు. దాన్ని నోట్‌బుక్‌లో రాసుకుంది.

"వాళ్ళ ఫైలు ఇవ్వు."

ఫైల్లో మూడు వీసాల జెరాక్సులు, వీసా దరఖాస్తుల కాపీలు, విమానం టికెట్లు, ఓడ బుకింగ్ ఉన్నాయి. బుకింగ్ కాగితం మీద దూజా పేరు పక్కన ఒక గది నంబరు కొట్టేసి ఉంది. ఐదో అంతస్తు, ఓడ నడిమధ్య, కిటికీ లేని లోపలి క్యాబిన్. దాని కింద కొత్త నంబరు. పదకొండో అంతస్తు, ఓడ చిట్టచివర, బాల్కనీ క్యాబిన్. దాన్ని ఆనుకునే లస్సాద్ దంపతుల గది.

"ఎవరు మార్చారు?"

"లస్సాద్ గారు. బుక్ చేసిన పదకొండు రోజుల తర్వాత."

"ఎందుకు?"

"వాళ్ళిష్టం మేడమ్." నెజీహా చూపు తలుపు మీదికి పోయింది.

తలుపులో లస్సాద్ నిలబడి ఉన్నాడు. వెనకే రౌదా. అప్పుడు టైం పదీ పావు.

"ఏమైంది మేడమ్? దొరికిందా?" నవ్వు మొహం, ఇస్త్రీ చొక్కా. "మా అత్త జీవితంలో ఒక్కసారైనా లోకం చూడాలని నా కోరిక. ఆవిడ లేకుండా మేమెలా వెళ్తాం చెప్పండి? ఏం చేస్తారో చెయ్యండి, గురువారంలోపు దొరకాలి."

"మీ ఆవిడ ఏమంటారు?"

రౌదా చూపు దించుకుంది. మెడలోని స్కార్ఫ్ కొసని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె వాలకం.

లస్సాద్ నెజీహా వైపు తిరిగాడు. గొంతులో తేనె కారింది.

"మీ పాపని స్కూల్లో పన్నెండింటికే కదూ వదిలేది? నిన్న చూశాను. ఒక్కతే రోడ్డు దాటుతోంది పాపం. జాగ్రత్త అక్కా."

నెజీహా చేతిలోని టీ గ్లాసు జారి నేల మీద పగిలింది. మంచి మాటకి గ్లాసులు పగలవు.

పదకొండున్నరకి ఆ స్కూలు గేటు దగ్గర ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టింది వహీదా. తర్వాత దూజా ఇంటికి వెళ్ళింది.

కాలువ పక్కన నీలం తలుపుల పాత ఇల్లు. నడవలో చేపల్ని ఉప్పు పట్టిస్తూ కూర్చుంది లల్లా దూజా. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. పెద్దావిడని గౌరవంగా అందరూ లల్లా అనే పిలుస్తారు.

"కూర్చో తల్లీ. తిన్నావా? పోలీసోళ్ళయితే మాత్రం ఆకలెయ్యదా?"

"తర్వాత తింటాను లల్లా. పాస్‌పోర్ట్ పోయిందిగా, బాధగా ఉందా?"

ముసలామె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా? పోయిందనగానే పోయిన ప్రాణం లేచొచ్చింది. మా ఆయన్ని ఆ నీళ్ళే మింగాయి. నలభై ఏళ్ళయింది, రేవు వైపు కిటికీ తెరవను. ఓడెక్కాలంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు."

"మరెందుకు ఒప్పుకున్నారు?"

"రెండో రోజు ఓడ మార్సేలో ఆగుతుందన్నాడు మావాడు. మా చెల్లి బెహీజా అక్కడే ఉంది. చూసి పంతొమ్మిదేళ్ళు. ఇద్దరం ముసలోళ్ళమైపోయాం, ఇంకెప్పుడు చూస్తాను? సరే, నీళ్ళు కనపడని గది ఇప్పించరా అన్నా. ఇప్పించాడు, బంగారం."

బాల్కనీ గది సంగతి ఆమెకి తెలియదు.

"మీ తర్వాత ఈ ఇల్లు ఎవరిది లల్లా?"

"పిల్లల్లేరు. అన్న కూడా పోయాడు. చెల్లి వాటా పోను, అన్న కొడుకు లస్సాద్ ఒక్కడే మగ వారసుడు. కానీ నేను బతికుండగానే అనాథ ఆడపిల్లల సంఘానికి రాసిచ్చేస్తా. ప్రయాణం నుంచి రాగానే సంతకం. వాడికీ చెప్పాను. ‘నీ ఇల్లు, నీ ఇష్టం అత్తా’ అన్నాడు. మనసున్న పిల్లోడు."

చేప మీద ఉప్పు రాస్తున్న ఆ ముడతల చేతుల్ని చూస్తూ వహీదా లేచింది.

మూడూ ఇరవై. రేవు పక్కన కారు ఆపుకుని ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. బాల్కనీ గది నేరం కాదు. ఇల్లు కావాలనుకోవడం కూడా నేరం కాదు. ఇంత బతుకూ బతికి, ఒక మనిషి చావబోతోందని తెలిసీ చేతులు కట్టుకు కూర్చోవడమేనా? భయం వేసింది ఆమెకి.

మళ్ళీ మొదటి నుంచి ఆలోచించింది. వీసా ఉన్న పాస్‌పోర్టుకి ఈ ఊళ్ళో దొంగ బేరం ఉంది. అమ్ముకునేవాడైతే మూడూ తీసుకుపోవాలి. ఒక్కటే తీస్తే అన్నిట్లోకీ మంచిది తీయాలి. మరి ఏది మంచిది?

మూడు జెరాక్సులూ పక్కపక్కన పరిచింది. ఎన్నిసార్లు యూరప్‌లో ప్రవేశించవచ్చో చెప్పే గడి దగ్గర ఆమె వేలు ఆగింది. పొద్దున చూసింది, కానీ పట్టించుకోలేదు.

తర్వాత ఓడ దారి ఉన్న కాగితం తీసింది. గురువారం జెనోవా. శుక్రవారం మార్సే. శనివారం బార్సిలోనా. ఆదివారం రోజంతా నడిసముద్రం. సోమవారం ఇక్కడే, గూలెత్ రేవు. మంగళవారం పలెర్మో.

దూజా జెరాక్సు మీది గడిని మళ్ళీ చూసింది. ఫోన్ తీసి నలుగురినీ సాయంత్రం ఐదింటికి ఏజెన్సీకి రమ్మంది.

సరిగ్గా ఐదు. షట్టర్ సగం దించి ఉంది. గుమ్మంలో కానిస్టేబుల్. దూజా కుర్చీలో, లస్సాద్, రౌదా సోఫాలో, నెజీహా టేబుల్ వెనక.

"దొంగ దొరికాడా?" లస్సాద్ అడిగాడు.

"దొరికింది. నెజీహా, పాస్‌పోర్ట్ ఇటివ్వు."

నెజీహా మొహంలో నెత్తురు చుక్క లేదు. నెమ్మదిగా హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టింది. ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్ట్ బయటికొచ్చింది. దాన్నుంచి గోధుమరవ్వ రాలింది.

"రాత్రి రవ్వ డబ్బాలో దాచాను మేడమ్. నిద్ర పట్టలేదు. పొద్దున మళ్ళీ బ్యాగ్‌లో వేసుకున్నా."

"చూశారా!" లస్సాద్ లేచాడు. "ఇంటి దొంగే! దీన్ని లోపలెయ్యండి. దొరికింది కాబట్టి మేం..."

"కూర్చోండి. ఈమె అమ్ముకోవడానికి తీయలేదు. మీ రెండు పాస్‌పోర్టుల్లోనూ ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చే వీసా ఉంది. బయట బేరం వాటికే. ఈమె తీసింది ఒక్కసారికే పనికొచ్చే దాన్ని. పైగా మిగతా రెంటికీ బ్యాండ్ వేసి పెట్టింది. ఎందుకు నెజీహా? నీ పాప దగ్గర మా మనిషి ఉన్నాడు. భయపడకు."

నెజీహా కన్నీళ్ళు తుడుచుకుంది. "వీసాలు రాగానే నేను లస్సాద్ గారికి ఫోన్ చేశాను మేడమ్. లల్లా వీసా ఒక్కసారికే ఉంది, ఇలా అయితే కుదరదు, మళ్ళీ అప్లై చేద్దాం అన్నా. ‘వదిలెయ్, దాంతో పనేముంది’ అన్నాడు. ఎందుకంటాడా అని గది మార్పు చూశా. అప్పుడు అర్థమైంది. నిన్న సాయంత్రం మా పాప సంగతెత్తాడు. ఒక గడిలో ఒకటి అంకె చూపించి పోలీసులకి ఏం చెప్పను? ఎవరు నమ్ముతారు?"

"ఏంటీ పిచ్చి మాటలు?" లస్సాద్ నవ్వబోయాడు. "మొదటిసారి వెళ్ళేవాళ్ళకి కాన్సులేట్‌ వాళ్ళు ఒక్కసారికే ఇస్తారు. నా తప్పా?"

వహీదా దరఖాస్తుల కాపీలు టేబుల్ మీద పెట్టింది. "మూడూ మీ చేతిరాతే కదా?"

"అవును."

"మీ ఇద్దరికీ ఎన్నిసార్లయినా అని అడిగారు. మీ అత్తకి ఒక్కసారి అని మీరే టిక్ పెట్టారు. ఎందుకు?"

"అంటే... పొరపాటు."

"ఫోన్ చేసి చెప్పాక కూడా దిద్దుకోని పొరపాటా?"

"అదీ... ఐదో రోజు ఓడ ఇక్కడికే వస్తుంది. అత్త అలిసిపోతుంది. దిగి ఇంటికి వెళ్ళిపోతుందని."

"అలాగా. మరి ఎనిమిదో రోజు జెనోవా నుంచి తిరిగొచ్చే విమానం టికెట్లు మూడు కొన్నారేం?"

లస్సాద్ గుమ్మంలోని కానిస్టేబుల్ వైపు చూశాడు.

"యూరప్ వాళ్ళయితే ఈ గడి వైపు కన్నెత్తి కూడా చూడరు. వాళ్ళకి వీసాతో పనిలేదు. మనకి ఉంది. బార్సిలోనా వదిలి ఇక్కడికి వస్తే యూరప్ దాటినట్టే. మర్నాడు పలెర్మో చేరాలంటే రెండోసారి ప్రవేశం కావాలి. మీకు తెలుసు, అందుకే మీ ఇద్దరికీ అడిగారు. నలుగురికీ చూపించే టికెట్టులో ముగ్గురు తిరిగొస్తున్నారు. ఎవరూ చూడని గడిలో ఇద్దరే. దొంగ లెక్కకి రెండు ఖాతాలుంటాయి లస్సాద్ గారూ. నేను రెండోది చూశాను."

దూజా ఉప్పు చారలు ఆరని చేతులు ఒళ్ళో పెట్టుకుని మేనల్లుడి మొహమే చూస్తోంది.

"బాల్కనీ గదా రా?" చివరికి అంది. "నీళ్ళు కనపడని గది అన్నావు కదరా."

అతను తల దించుకున్నాడు.

"ఒకే ఒక్క మాట చెప్పరా నాయనా. ఓడ పలెర్మోలో ఆగినప్పుడు... నేను ఎక్కడ ఉండేదాన్ని?"

బయట ఓడ ఒకటి కూత పెట్టింది. దూజా ఉలిక్కిపడింది.

జవాబు చెప్పింది రౌదా. సోఫా మీంచి జారి నేల మీద కూలబడింది.

"రెండు బాల్కనీల మధ్య అడ్డుపలక తీయించమని ఓడవాళ్ళకి నాతోనే మెయిల్ రాయించాడు అత్తయ్యా. నీకు భయమేస్తే వెంటనే మా గదిలోకి రావచ్చన్నాడు. నమ్మాను. మొన్న నాతో అన్నాడు, ‘ఆదివారం మాత్రం నువ్వు నిద్రమాత్ర వేసుకుని పడుకో, ఏం వినపడినా లేవకు’ అని. అప్పటినుంచీ నాకు అన్నం దిగట్లేదు."

"నోర్ముయ్!" లస్సాద్ చెయ్యెత్తాడు. ఆ చేతిని కానిస్టేబుల్ గాలిలోనే పట్టుకున్నాడు.

ఐదూ ముప్ఫై అయిదుకి జీపు కదిలింది. రేపు కోర్టులో ఏం తేలుతుందో వహీదాకి తెలియదు. మెయిల్ ఉంది, దరఖాస్తు ఉంది, రౌదా సాక్ష్యం ఉంది. గురువారం విమానంలో మాత్రం అతను ఉండడు. ఆమెకి ప్రస్తుతానికి అది చాలు.

"దొంగతనం కేసు సంగతేం చేద్దాం లల్లా?" అని అడిగింది.

"దొంగతనమేంటమ్మా? దాచిపెట్టమని నేనే ఇచ్చా," అంది దూజా చటుక్కున. నెజీహా ఆమె భుజం మీద తలవాల్చి బావురుమంది.

పది రోజులు గడిచాయి. దూజా ఇంటి కాగితాల మీద సంతకం పెట్టేసింది. ఆ సిరా ఆరీ ఆరకముందే ఏజెన్సీ గుమ్మం ఎక్కింది.

"మార్సేకి ఇక్కడినుంచి తిన్నగా పోయే ఓడ ఉందంట కదే?"

నెజీహా ఆశ్చర్యంగా చూసింది. "ఉంది లల్లా. కానీ సముద్రం..."

"భయమే. ఇప్పుడూ వణుకుతున్నా, చెయ్యి పట్టుకు చూడు. అయినా వాడికి భయపడి ఆగానో, నీళ్ళకి భయపడి ఆగానో, చెల్లికి ఎలా తెలుస్తుంది? నేను రాలేదనే అనుకుంటుంది. వీసాకి ఇంకా గడువుంది. ఒక్కసారికే కదా. నాకు ఒక్కసారి చాలు."

నెజీహా కంప్యూటర్ ముందుకి జరిగింది. "క్యాబిన్?"

"నడిమధ్యలో. కిటికీ లేనిది. ఈసారి నంబరు నాకు చదివి వినిపించు."

నెజీహా చదివింది. దూజా రెండుసార్లు పైకి అనుకుని గుర్తుపెట్టుకుంది.

"సరే. వెళ్ళే తేదీ చెప్పండి లల్లా."

దూజా తన చేతిని కీబోర్డు మీదున్న ఆమె చేతి మీద పెట్టి ఆపింది.

"ముందు తిరిగొచ్చే తేదీ రాయి తల్లీ."