తెల్లచీరల ఆదివారం

పెళ్ళయిన నాటి నుంచి దానియేలును ఒక సందేహం వదలలేదు. దేవుడు చేసి పెట్టినదాన్ని మనిషి కాగితం మీద మళ్ళీ చేయబోవడం ఆయనతో పోటీకి దిగడం కాదా? భార్య ప్రేమకుమారి కుంచె పట్టినప్పుడల్లా ఆ ప్రశ్న గొంతుదాకా వచ్చేది. నరసరావుపేటలో సంఘపెద్దగా ఉంటూ ఎవరిని అడుగుతాడు?

ఆ ఉదయం ఆమె ఇడ్లీరేకులు కడుగుతుండగా విజయవాడ నుంచి ఫోను వచ్చింది. నీటిరంగుల ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఆమె బొమ్మకే మొదటి బహుమతి ఇచ్చారట. ఆదివారం వచ్చి అందుకోవాలట.

“ఈ ఆదివారం ప్రభువు బల్ల గదే,” అన్నాడు దానియేలు. “రొట్టె, ద్రాక్షారసం తీసుకోకుండా బొమ్మల కాడికి పోతావా? అదీ సగంలో వదిలేసిన బొమ్మ. చీరలకు రంగే వెయ్యకపోతివి.”

ఆ బొమ్మ వాళ్ళ చర్చిదే. తెల్లచీర కొంగులు తల మీదుగా కప్పుకొని బల్ల దగ్గరికి నడుస్తున్న ఆడవాళ్ళు.

ప్రేమకుమారి చేతులు తుడుచుకుంది. “ట్రాక్టరు కొంటే చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. బోరు వేస్తే చేస్తారు. పిల్లల హాల్ టికెట్లకూ చేస్తారు. కాపురానికొచ్చిన కొత్తలో నా కుంచెల పెట్టె మీ ముందు పెట్టి అడిగా. ‘చేద్దాంలే’ అన్నారు. ఇంకా చేద్దాంలేనే నడుస్తంది.”

“నా స్కూటీకి రెండుసార్లు చేశాడమ్మా,” అంది కూతురు ఎస్తేరు. “అయినా పడ్డా.”

ప్రేమకుమారి మళ్ళీ ఇడ్లీరేకులు అందుకుంది.

ఆదివారం తల్లీకూతుళ్ళు తెల్లవారకుండానే బస్సెక్కారు. చర్చిలో తెల్లచీరల ఆడవాళ్ళ వరుస బల్ల వైపు కదిలింది. భార్య ఎప్పుడూ నిలబడే చోటు ఖాళీగా ఉంది. కిటికీలోంచి పడే ఎండకు ఆ కొంగులు చీరల్లా లేవు, వెలుగులా ఉన్నాయి. ఇన్నేళ్ళూ చూస్తూనే చూడలేదని దానియేలుకు తోచింది. ఆరాధన ముగియగానే అన్నం తినకుండా విజయవాడ బయల్దేరాడు.

హాల్లో ఆమె బొమ్మ ముందు జనం నిలబడి ఉన్నారు. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దావిడ మెల్లగా చెబుతోంది. “ఈ తెలుపు ఆమె వేసింది కాదు, ఉట్టి కాగితం. చుట్టూ నీడలే వేసింది. వెలుగును మనం చెయ్యలేం గదా, దానికి చోటు వదిలింది.”

దానియేలు బొమ్మకు ఇంకా దగ్గరగా జరిగాడు. దేవుడితో పోటీ పడిందనుకున్న భార్య పక్కకు తప్పుకొని ఆయన వెలుగుకే దారి ఇచ్చింది.

“నాన్నా, చెప్పులు విప్పావేంది? ఇది చర్చి కాదు,” అంది ఎస్తేరు.

కిందికి చూసుకున్నాడు. ఎప్పుడు విప్పాడో ఆయనకే తెలియదు. మళ్ళీ తొడుక్కోలేదు.

“కుంచెల పెట్టె తెచ్చావా, కుమారీ?”

ఆమె ఆయన ముఖం చూసి, సంచిలోంచి పెట్టె తీసి రెండు చేతులతో పట్టుకుంది. దానియేలు దాని మీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకున్నాడు.

“ప్రభువా,” అన్నాడు.

మొదలుపెడితే ఆపని మనిషికి ఆ తర్వాత మాట రాలేదు. చెంపల మీదుగా నీళ్ళు కారాయి.

ప్రేమకుమారి కొంగు తల మీదికి లాక్కుంది.

“ఆమేన్,” అంది.